వంక దాటే చోటు

"మళ్లీ చెరిపేసినాడు నాయనా!"

శివలీల కంప్యూటర్ తెరను తండ్రి వైపు తిప్పింది. నిన్న ఆమె గీసిన కాలిదారి లేదు. వంక దాటే చోట పెట్టిన గుర్తూ లేదు. వాటి బదులు ఒక మాట మాత్రం ఉంది: 'ఉపగ్రహం తీసిన చిత్రంలో ఇక్కడ దారి కనబడటం లేదు. ఊహించి గీయకండి. ప్రదీప్‌కుమార్.'

రెండువేల ఎనిమిదో సంవత్సరం అది. ఇంటర్నెట్‌లో ఎవరైనా చెయ్యి వేయగలిగే మ్యాపు ఒకటి అప్పుడప్పుడే పెరుగుతోంది. తెలిసినవాళ్లు తమ ఊరి బాటలూ వాగులూ గీస్తారు. తప్పుంటే ఇంకొకరు దిద్దుతారు. కర్నూలు జిల్లా మ్యాపును హైదరాబాదులో కూర్చుని కనిపెట్టుకుని ఉండేది ఈ ప్రదీప్‌కుమారే. శివలీల కర్నూలులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేస్తుంది; తండ్రి ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటున్నాడు.

"ఎవురు పాపా ఆయప్ప? మన దారి ఆయప్పకేం తెలుసు?" నాగప్ప గొంతు లేచింది. "ఆ దారిలో నేను నూలు మూటలు మోసినా. పెండ్లయినాక మీ అమ్మను చేయి పట్టుకోని ఆ వంక దాటిచ్చినా. లేదంటే ఎట్ల?"

"ఆయన తప్పేం లేదు నాయనా. పైనుంచి చూస్తే అది కనపడదు. మనం నడిచి చూపిస్తే ఒప్పుకుంటాడు."

"అయితే నడుస్తాం పద."

శివలీల పాలు తాగే బిడ్డగా ఉన్నప్పుడే తల్లి గురమ్మ జ్వరంతో పోయింది. వంక అవతల సమాధి చేశారు. ఆ తర్వాత నాగప్ప బిడ్డను భుజానేసుకుని ఊరు విడిచి నందికొట్కూరు చేరాడు. మగ్గం పెట్టుకున్నాడు. మారుమనువు మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. ఏటా ఎండాకాలంలో ఒకసారి సమాధి దగ్గరికి పోయి వస్తాడు. కానీ గురమ్మ పోయింది కార్తీకంలో. ఆ దినానికి ఆమె దగ్గర ఉండాలన్న కోరిక ఇన్నేళ్లూ తీరలేదు. వానలు పడ్డాక ఆ దారి తెలియదు. ఒక ఏడు మొండికేసి పోయి, పొద్దంతా వెతికి, చోటు పోల్చుకోలేక తిరిగొచ్చాడు.

"ఈ ఏడు తప్పకూడదు పాపా" అన్నాడు.

శివలీల కాలేజీలో అడిగి జీపీఎస్ పరికరం తెచ్చింది. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. పట్టుకుని నడిస్తే చాలు, నడిచిన దారంతా అదే గుర్తు పెట్టుకుంటుంది. అయితే అది కాలేజీ సొత్తు, వాపసు ఇవ్వాలి. మ్యాపులోకి ఎక్కిస్తే మాత్రం దారి ఎప్పటికీ ఉంటుంది.

నాగప్ప చిన్ననాటి స్నేహితుడు ఏసేపు తోడు వచ్చాడు. మే నెల ఎండ మాడ్చేస్తోంది. దారి పొడుగునా నీడకు ఒక్క చెట్టు లేదు. నేల పెళ్లలు పెళ్లలుగా పగిలి ఉంది. కొంతదూరం పోయేసరికి నాగప్ప మోకాళ్లు పట్టుకుని నిలబడిపోయాడు.

"నువ్వీడ కూచోన్నా. నేనూ పాపా పోయొస్తాం" అన్నాడు ఏసేపు.

"వద్దప్పా. ఆమె కాడికి పోయే దారి నేనే నడవాల."

వంకలో చుక్క నీళ్లు లేవు. కాళ్లు పెట్టి దాటే బండలు ఒండ్రులో కూరుకుపోయాయి. నాగప్ప అటూ ఇటూ తిరిగి, ఒకచోట వంగి చేతులతో మన్ను తోడటం మొదలుపెట్టాడు. ఏసేపూ కూర్చున్నాడు. చివరికి నున్నటి బండ ఒకటి బయటపడింది.

"ఈడ పెట్టు పాపా గుర్తు."

అవతల సమాధి రాయి కొన మాత్రమే పైకి కనిపిస్తోంది. నాగప్ప దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"ఏటేటా మన్ను మూసేస్తాండాది" అన్నాడు. "ఇంకొన్నేండ్లు పోతే నాకే తెలీదు, యాడుండాదో."

శివలీల పరికరం రాయి పక్కన పెట్టి, అంకెలు కుదురుకునేదాకా కదలకుండా ఉంది.

కర్నూలు వచ్చిన రోజే దారంతా మ్యాపులోకి ఎక్కించింది. వంక దాటే చోట గుర్తు పెట్టింది. సమాధికి అమ్మ పేరు రాసింది. మరునాడు ప్రదీప్‌కుమార్ జవాబు వచ్చింది: 'మీరు నడిచిన జాడ చూశాను. ఇక దీన్ని ఎవరూ చెరపకుండా నేను చూసుకుంటాను.'

శివలీల చదివి వినిపించింది. నాగప్ప తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

కార్తీకం వచ్చింది. గురమ్మ దినం నాడు తెల్లవారగానే బయల్దేరారు. ముందు ఏసేపు, నడుమ పూలబుట్టతో నాగప్ప, వెనక కాలేజీలో మళ్లీ అడిగి తెచ్చిన పరికరం పట్టుకుని శివలీల. మ్యాపులోని దారిని ఆమె ముందే అందులోకి దించుకుంది. చలిగాలి వీస్తోంది. తెర మీద సన్నటి గీత వెంట చుక్క మెల్లగా కదులుతోంది.

"నాయనా, వంక వచ్చింది."

నాగప్ప తలూపాడు.

"కొంచెం ఎడమకు, చిన్నాయనా" అంది శివలీల ఏసేపుతో. "ఇంకొంచెం. చాలు, చాలు! ఈడే."

"తప్పు లేదు గదా పాపా?"

"లేదు నాయనా. అమ్మ ఈడనే ఉండాది."

నాగప్ప చామంతులు దోసిట్లోకి తీసుకున్నాడు.

"వచ్చినా గురమ్మా" అన్నాడు. "నీ దినానికే వచ్చినా."

ఏసేపు తెడ్డు పైకెత్తగానే, డ్యాం నీళ్లలో మునిగిన ఊరి మీద వాళ్ల పుట్టిపడవ నిలిచింది.