పున్నమి తర్వాతి ఆదివారం

“ఈ ఏడూ మా అమ్మాయి రాలేదు కదూ, తమ్ముడూ?” భార్య సమాధి మీద కొవ్వొత్తి నిలబెడుతూ అడిగాడు ముసలి వడ్రంగి.

భార్య ఈస్టర్ నాడు పోయింది. ఆమెను పూడ్చిన రోజే కూతురితో మాటా మాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. అప్పటినుంచి ప్రతి ఈస్టర్‌కీ ఒక్కడే వస్తున్నాడు.

“ఎందుకు రాదు?” సమాధుల తోట కాపరి చీపురు ఆపాడు. “ఏటా ఏప్రిల్ ఇరవై ఒకటిన వస్తుంది.”

“పండగ ఇవాళైతే అప్పుడేంటి?”

“అమ్మగారు పోయిన తారీఖు అదే కదా, పెద్దాయనా. ప్రభువు లేచింది యూదుల పస్కా పండగ రోజుల్లో, పస్కాది పున్నమి లెక్క. ఏ రోజు చెయ్యాలని పూర్వం సంఘాలు తగువులాడుకుంటే, వసంతంలో తొలి పున్నమి దాటిన ఆదివారమని పెద్దలు తేల్చారు. అందుకే పండగ కదులుతుంది, తారీఖు కదలదు. నిరుడైతే మీరిద్దరూ ఒక్కరోజు తేడాతో కలవలేకపోయారు.”

వడ్రంగి రాతి మీద చెయ్యి ఆనించాడు. ఏడేళ్లుగా కూతురు తల్లిని మరిచిందనే అనుకున్నాడు.

“నా కొవ్వొత్తి చూసి ఏమంటుంది?”

“కారిన మైనం గీకుతూ, ‘మా నాన్నకి లేకపోయినా ఎవరికో అమ్మ గుర్తుంది’ అంటుంది. మీ ఇద్దరి మధ్య నేనెందుకని ఊరుకున్నాను. ఈసారి చెప్పనా?”

“వద్దు. నేనే వచ్చి చెప్తాను. ఎన్నింటికి వస్తుంది?”

“ఎండెక్కకముందే. ఇంకా పదహారు రోజులున్నాయి, ఇంటికెళ్లండి.”

“వెళ్తాలే. ఇంట్లో ఈ మాట చెప్పుకోవడానికి ఎవరున్నారు?” అంటూ వడ్రంగి సమాధి పక్కన చతికిలబడ్డాడు. “దీనికి చెప్పి వెళ్తాను.”