పాట కింద రొద

కంప్యూటర్ తెర మీద గీత సాఫీగా వచ్చి, ఒక్కచోట నూతిలో పడ్డట్టు కిందికి దిగి, మళ్లీ పైకి లేచి సాఫీగా వెళ్లిపోయింది.

రేచల్ తన భుజం తానే తట్టుకుంది.

అమ్మ పుష్ప పోయి ఏడాది కావస్తోంది. ఆదివారం గాజువాక చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. అందులో వినిపించడానికి అమ్మ పాడిన పాట ఒకే ఒక్కటి, పాత క్యాసెట్లో మిగిలింది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి వింటే పాట కిందంతా ఒకటే రొద, గుమ్‌మ్‌మని. టేప్‌రికార్డరు కరెంటు శబ్దమే అయ్యుంటుంది.

ఆ రొదను తీసేసే ఫిల్టరు ప్రోగ్రామును బ్రౌజర్లోనే రాసింది. రాసి ఊరుకోలేదు. అడుగు స్థాయి నుంచి కీచు స్థాయి దాకా ఒక్కో శబ్దాన్నీ ఫిల్టరులోకి పంపి, ఎంత బయటికొస్తోందో కొలిచి, గీత గీయించింది. రొద పోవాలి గానీ అమ్మ గొంతులో వెంట్రుకవాసి తగ్గకూడదు. ఇంకో క్యాసెట్టూ లేదు, ఇంకో అమ్మా లేదు.

ఒక్కటే అర్థం కాలేదు. కరెంటు శబ్దమైతే మధ్యమధ్యలో ఆగడమేమిటి?

వైరు లూజేమోలే అనుకుంది.

కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో ఓ పెద్దాయన. బయట ఎండ మండిపోతుంటే మెడకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

“వందనాలమ్మా.”

తువ్వాలు మీద వేలు నొక్కిపెడితే గానీ మాట రావడం లేదు. అదీ మాటలా లేదు, సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టుంది.

“ఉక్కునగరం నుంచొచ్చేను. అప్పట్లో మీ అమ్మా నానూ ఒకే సర్చి. పాట దొరికిందంట గదా... ఓపాలి ఇనిపిత్తావేటి?”

“ఆదివారం అందరికీ వినిపిస్తాను కదా అంకుల్.”

“ఆదివారం నాను రాలేనేమో తల్లీ.”

తప్పించుకునే దారి కనిపించలేదు. కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ తగిలించింది.

పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు. పాట అయిపోయాక కూడా హెడ్‌ఫోన్స్ తియ్యలేదు.

“ఇంతేనేటమ్మా? ఇంకేటీ ఇనబడదా?”

రేచల్ పొంగిపోయింది.

“వినబడదంకుల్. కింద గుమ్మని చెత్త శబ్దం ఉండేది. తెర మీద గీతలో ఈ గొయ్యి చూశారా? మొత్తం ఇందులో పాతేశాను.”

ఆయన ఆ గొయ్యి వంక చాలాసేపు చూశాడు. వేలు తువ్వాలు మీదికి వెళ్లి, మళ్లీ దిగిపోయింది. మళ్లీ ఎత్తి నొక్కిపెట్టాడు.

“మీ అమ్మ గొంతు ముత్యంలాగుంది తల్లీ. బాగా సేసేవు.”

మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. పేరడగాలని రేచల్‌కు తోచలేదు. ఆ గొంతుకి పాటల సరదా ఒకటి అనుకుని తలుపేసుకుంది.

ఆదివారం కూడికలో ఆ పాట విని ఏడవనివాళ్లు లేరు.

తరవాతి వారం తెల్లచీర కట్టుకున్న ఒకావిడ వచ్చింది.

“నా పేరు దీవెనమ్మ. మెడకి తువ్వాలుతో మా ఇంటాయన సుందర్ రాజ్ గారు నీకాడికొచ్చేరంట గదమ్మా.”

“వచ్చారాంటీ. ఎలా ఉన్నారు?”

“మీ కూడిక రోజు పొద్దున్నే ప్రభువు పిలిచేసుకున్నాడమ్మా.”

రేచల్ ఆవిడకు కుర్చీ జరిపింది.

“ఆపరేషన్లో ఆయన గొంతు తీసేసినారు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు, నీకాడున్న పాటలోనే ఉంది. ఓపాలి ఇని పోతానమ్మా.”

“అందులో అమ్మ ఒక్కతే ఆంటీ.”

“ఒక్కతీ ఎలాగ పాడతాదమ్మా? స్టీలు ప్లాంటు కడతన్న రోజులు. మన సర్చి రేకుల షెడ్డు, హార్మోనియం ఏది? మీ అమ్మకి శ్రుతి నిలిసీది కాదు. ఈయన ఎనకాల నిలబడి, నోరు మూసుకుని, మ్‌మ్‌మని శ్రుతి పట్టుకునీవోరు. ఆ పట్టు మీదే మీ అమ్మ పాడీది.”

ఆయన అడిగిన మాట, గొయ్యి వంక చూసిన చూపు, అన్నీ ఒక్కసారిగా రేచల్ మీద పడ్డాయి.

“ఇంటికొచ్చి... ఏమన్నారాంటీ?”

“ఏటీ అన్లేదు. పాప బాగా సేసింది అన్నారంతే.”

వెంట్రుకవాసి పోకూడదని కొలిచి కొలిచి, నిలువెత్తు మనిషిని తీసేసింది. తీసేసి, ఆ మనిషికే చూపించింది.

ఫిల్టరు ఆపేసి పాట పెట్టింది. అమ్మ గొంతు కింద గుమ్‌మ్‌మని ఆ శబ్దం గదంతా నిండింది. దీవెనమ్మ స్పీకరు మీద అరచెయ్యి ఆనించింది. కాసేపటికి రెండో చేతి వేలెత్తింది.

“ఇక్కడ ఊపిరి తీసుకుంటారు సూడమ్మా.”

రేచల్ వైరు లూజనుకున్న చోట, సరిగ్గా అక్కడే, శబ్దం ఆగింది.