ఇసుక రేణువులో సగం

“కళ్ళద్దాలు కూడా పెట్టుకోండమ్మా. ఒక్క దుమ్ము కణం లోపలికి పోయిందా, మా ఆర్నెల్ల పని గోవిందా!”

ప్రొఫెసర్ వినయంగా తలుపు తెరిచి పట్టుకున్నాడు. తల నుంచి కాలి దాకా తెల్లటి ముసుగు దుస్తుల్లో, మాస్కుతో ఆవిడ లోపలికి అడుగుపెట్టింది. ఆయనదీ అదే వేషం. ఈ పరిశోధనకి డబ్బిచ్చే ట్రస్టు అధ్యక్షురాలి మొహం ఆయన ఎన్నడూ చూసింది లేదు. ఇప్పుడూ చూసే వీల్లేదు. ఆవిడ ఇవాళ ఊఁ అనకపోతే మాత్రం యూనివర్సిటీ ఈ ల్యాబుకి తాళం వేసేస్తుంది.

“నేను మీతో గట్టిగా మాట్లాడదామనే వచ్చాను.” మాస్కుకి తోడు గదిలో ఫ్యాన్ల హోరు. ఆవిడ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది.

“తప్పకుండానమ్మా. ముందు ఇది చూడండి.”

ఆవిడ బల్ల మీదికి వంగింది. “ఏదీ? ఏమీ లేదే!”

“ఆ గొట్టంలోంచి చూడాలమ్మా.”

మైక్రోస్కోపులోకి చూడగానే ఆవిడ ఉలిక్కిపడింది. “అయ్యో, ఇదేంటి, గుండెలా కొట్టుకుంటోంది!”

“పంపు అండీ. ఇసుక రేణువులో సగం ఉంటుంది. చర్మం కింద పెడితే మందు తనే కొంచెం కొంచెంగా వదుల్తుంది. షుగరున్నవాళ్ళకి రోజూ సూదులు పొడుచుకునే బాధ తప్పుతుంది.”

ఆవిడ చెయ్యి తనకి తెలీకుండానే, రోజూ సూది పొడుచుకునే పొట్ట మీదికి వెళ్ళింది.

“దీనికోసమేనా ఇల్లూ వాకిలీ మరిచి ఇక్కడ పడుంటున్నారు?”

తన కష్టం సంగతి అంత దూరం పాకిందా అని ప్రొఫెసర్ పొంగిపోయాడు. “మీకు తెలిసిన విలువ మా ఆవిడకి తెలీదండీ. ఇక్కడ కూచుని ఈగలు తోలుతున్నాననుకుంటుంది. తన తప్పు కాదులెండి, వాళ్ళమ్మ పెంపకం అలాంటిది.”

“ఎలాంటిది?”

“ఆవిడ నోరు విప్పితే ఈ ఫ్యాన్ల హోరు కూడా వినబడదండీ!”

ఆవిడ మళ్ళీ వంగి పంపుని చాలాసేపు చూసింది.

ప్రొఫెసర్ చేతులు జోడించాడు. “మీ అండ లేకపోతే ఇది ఇక్కడితో ఆగిపోతుందమ్మా.”

“నా అండ ఉంటుంది. కానీ ఒక షరతు. రోజూ చీకటి పడేలోగా ఇల్లు చేరాలి.”

దాతలు రకరకాలుగా ఉంటారు. “ఒట్టు!” అన్నాడు ప్రొఫెసర్.

ఇంతలో గోడకున్న స్పీకరులో రిసెర్చి అమ్మాయి గొంతు గాభరాగా పలికింది. “సార్, ట్రస్టు అధ్యక్షురాలు వచ్చారు! మీ గదిలో కూర్చోబెట్టాను.”

“వచ్చారా? మరి ఈవిడెవరు?”

“మీకోసం అడిగితే ఆవిడే అనుకుని దుస్తులు తొడిగి పంపేశాను సార్!”

ప్రొఫెసర్ మెల్లగా వెనక్కి తిరిగాడు.

మాస్కు తీసింది అత్తగారు.