పొలిమేర బొమ్మ

ఊరి ఆడవాళ్లు కలరాను సాగనంపి వస్తుంటే చూసి లలితమ్మ టీచరు తుపుక్కున ఉమ్మేసింది.

చేటలో పసుపు, వేపాకు, పగిలిన గాజులు పెట్టుకుని పోయి, పొలిమేర రాయికి అవతల దించి వచ్చారు. పక్కూరివాళ్లు ఆ చేటను తమ అవతలి పొలిమేరకు తోస్తారు. వాళ్ల పక్కూరు ఇంకో ఊరికి. తమ రోగం ఎవడి గుమ్మం తొక్కితేనేం, తమకు వదిలితే చాలు. వీళ్లూ మనుషులేనా అనుకుంది లలితమ్మ.

డెబ్బైల్లో ఓ కరువేడు అది. బావిలో బురదే మిగిలింది. ఆ నీళ్లే తాగి ముసలి తిప్పవ్వ కలరాతో పోయింది. అప్పట్నుంచి బడి పిల్లలు బెదిరిపోయి అన్నం ముట్టడం లేదు. ఒకరికి కడుపు నొస్తే అందరూ ఏడుపే.

లలితమ్మ వాళ్లకో కథ అల్లింది.

"కలరా రాక్షసి కాదు. బిడ్డ తప్పిపోయిన పిచ్చితల్లి. ఇల్లిల్లూ ఎతుకుతాండాది. మనమే బొమ్మబిడ్డను చేసి పొలిమేరలో పెడదాం. చంకనేసుకొని దాని దావన అది పోతాది. కాంచిన నీళ్లు తాగే పిల్లోల్ల జోలికి రాదు."

పిల్లల ముఖాలు తేటపడ్డాయి.

బడి ముందు నుంచి పోతున్న కదిరమ్మ మాత్రం మూతి తిప్పింది. "నీ బిడ్డనైతే నాలుగూళ్ల అవతల మీయమ్మ ఇంటికి తోలితివి. మా బిడ్డలకు కథలు చెప్తాండావా?"

లలితమ్మకు ఒళ్లు మండింది. బొమ్మకు గుడ్డపీలికలు తెమ్మని పిల్లల్ని పంపింది.

మర్నాటికి బొమ్మ తయారైంది. కాటుక కళ్లు, ఎర్రకోక. ముద్దుగా ఉందని చేతిలోకి తీసుకుంటే గుప్పున వాసన.

"ఈ ఎర్రగుడ్డ యాడిదే?"

"తిప్పవ్వ కోక, టీచరమ్మా," అంది పిల్లల్లో పెద్దదైన నల్లమ్మ గర్వంగా. "ముళ్లకంపలో పారేసింటే తెచ్చినా. బొమ్మ కడుపులో కూడా అదే కుక్కినాం."

లలితమ్మ బొమ్మను చేటలో పడేసి, అందరి చేతులూ సబ్బుతో కడిగించింది. కాల్చేద్దామనుకుంది. కానీ ఎన్నాళ్ల తర్వాతో పిల్లలు నవ్వుతున్నారు. మళ్లీ ఆ ఏడుపులు ఎవరు భరిస్తారు?

"రాయికి ఇవతల పెట్టాల్నా టీచరమ్మా, అవతలా?"

ఇవతల పెడితే వీళ్లే పోయి మళ్లీ ఆడుకుంటారు.

"అవతలే పెట్టండి," అంది. ఆ మాటకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

ఆ పూట పిల్లలంతా కడుపునిండా తిన్నారు.

పై వారం సెలవు దొరికి, నాలుగూళ్లు దాటి బస్సు దిగి కూతుర్ని చూడబోతే, అమ్మగారింటి అరుగు మీద పిల్ల ఎర్రకోక బొమ్మను చెంపకు ఆనించుకుని నిద్రపోతోంది.