పురుగు ముట్టని పేడ

“ఛీ, వాంతొస్తోంది మిస్!” అంటూ బ్రిడీ ముక్కు మూసుకుంది.

క్లాస్‌మేట్ లాక్లన్ వాళ్ల పొలంలో ఏడో తరగతి పిల్లలందరి ముందూ మిస్ కేలహన్ పుల్లతో పేడను విప్పుతోంది. లోపల నల్లటి పేడపురుగులు లుకలుకలాడుతున్నాయి.

“ఇవి పేడని మట్టిలోకి లాక్కెళ్తాయి. అందులోంచే మళ్లీ గడ్డి లేస్తుంది,” అంది మిస్.

“యాక్! వీళ్ల ఆవులే అంత. మా పేడలో ఒక్క పురుగుండదు, కావాలంటే చూసుకోండి,” అంది బ్రిడీ.

అందరూ కంచె దూరి అవతల బ్రిడీ వాళ్ల పొలంలోకి వెళ్లారు. అక్కడ పేడంతా వేసింది వేసినట్టే ఎండి, అట్టలు కట్టి ఉంది. మిస్ బూటుతో ఒకదాన్ని తిరగేసింది. కింద గడ్డి తెల్లగా పాలిపోయి చచ్చి ఉంది.

“ఇదెప్పటిదమ్మా?”

“చలికాలానిది మిస్. నాన్న ఆవుల వీపుల మీద నులిపురుగుల మందు పోశాడే, అప్పటిది.”

“ఆ మందు చర్మంలోంచి ఒంట్లోకి ఇంకి, పేడలోకీ దిగింది. తిన్న పురుగులన్నీ చచ్చాయి.”

“మరిప్పుడు దీన్నెవరు తింటారు మిస్?” అన్నాడు లాక్లన్.

“ఎవరూ తినరు. ఇలాగే పడుంటుంది.”

బ్రిడీ కాలు వెనక్కి తీసుకుంది.

మధ్యాహ్నం యూకలిప్టస్ నీడన అందరూ డబ్బాలు తెరిచారు. బ్రిడీ రొట్టె విప్పి చూసింది. మధ్యలో అమ్మ పెట్టిన మాంసం ముక్క, వాళ్ల మందలోని ఆవుదే. దాన్ని మోకాలి మీద పెట్టుకుని ఊరికే కూర్చుంది.

“తినవేంటే?” అన్నాడు లాక్లన్.

“ఉండరా. ముందు ఒక్క ఈగ వాలనీ.”