నూటికి నూరు

"ఈ పిల్ల పరీక్ష జవాబుల కీ దొంగిలించింది మేడమ్. నిరూపిస్తాను, చూడండి," అంటూ లెక్కల మాస్టారు జవాబుపత్రాన్ని ప్రిన్సిపాల్ బల్ల మీద పరిచారు.

బల్లకు ఇవతల పదకొండేళ్ల పిల్ల చేతులు కట్టుకొని నిలబడి ఉంది. పక్కన పద్దెనిమిదేళ్ల అక్క. టైలరు షాపులో పని మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చిందేమో, భుజం మీద దారపు పోగులు ఇంకా అంటుకొనే ఉన్నాయి.

ప్రతిభ గల పిల్లల కోసమే నడిచే ఆ బడిలో ఉన్నవి ముప్పై సీట్లు. ఎంపికైనవారి జాబితా మధ్యాహ్నం మూడు గంటలకు గోడకెక్కుతుంది. దొంగతనం రుజువైతే ఈ పిల్ల పేరు అందులో ఉండదు. పన్నెండేళ్లు నిండినవాళ్లను మళ్లీ పరీక్షకు కూర్చోనివ్వరు కనుక, వచ్చే ఏడు అనే మాట కూడా లేదు.

"మా చెల్లి అలాంటిది కాదండీ," అంది అక్క.

"ఎవరి చెల్లెలూ అలాంటిది కాదమ్మా. మరి దొంగలంతా ఆకాశంలోంచి ఊడిపడుతున్నారా?" మాస్టారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్నపత్రం నేనే తయారు చేస్తున్నాను. నూటికి నూరు తెచ్చుకున్న మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. ఈవిడగారు తెచ్చుకున్నారు!"

"తెలివైన పిల్లలనే కదా మనం వెతుకుతున్నది?" అన్నారు ప్రిన్సిపాల్. ఆమె చరిత్ర చెప్పే మనిషి. అంకెలంటే కొంచెం జంకు.

"తెలివా? ఇరవై మూడో ప్రశ్న చూడండి. 'ఒకడు ఒక పుస్తకాన్ని ముప్పై ఏడో పేజీ మొదలుకొని ఎనభై నాలుగో పేజీ చివరి వరకు చదివాడు. మొత్తం ఎన్ని పేజీలు చదివాడు?' ఇదిగో, చిత్తు లెక్కలో నలభై ఎనిమిది వచ్చింది. అంటే తప్పు చేసింది. కానీ గడిలో మాత్రం చక్కగా నలభై ఏడు వేసింది. లెక్క తప్పయితే జవాబు ఒప్పెలా అయింది మేడమ్? కీ చూస్తే తప్ప?"

అక్క ముఖం పాలిపోయింది. చెల్లెలి రెక్క పట్టుకొని కుదిపేసింది. "చెప్పవే! కాపీ కొట్టావా? నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు నిలబడ్డావేం?"

"కొట్టలేదక్కా."

"మరి ఈ నలభై ఎనిమిది ఏమిటి తల్లీ?" ప్రిన్సిపాల్ ముందుకు వంగారు.

"అది సరైన జవాబు మేడమ్."

"మరి నలభై ఏడు?"

"అది సార్ జవాబు."

మాస్టారు పగలబడి నవ్వారు. "విన్నారా! తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. ఈ పిడుగు ఆ రెండోవాణ్ణి కూడా తన్నేట్టుంది."

ప్రిన్సిపాల్ నవ్వలేదు. చేతికందిన పుస్తకం తెరిచి, మూడో పేజీ మీద వేలు పెట్టారు. మూడు, నాలుగు, ఐదు. మూడు పేజీలు. ఐదులోంచి మూడు తీసేస్తే రెండు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టారు. మళ్లీ మూడే వచ్చాయి. పుస్తకాన్ని మాస్టారి ముందుకు తోశారు.

"ఇదేం పిల్లలాట మేడమ్," అంటూనే ఆయన ముప్పై ఏడో పేజీ తీశారు. వేలు తడి చేసుకొని ఒక్కొక్కటే పైకి లెక్కపెట్టసాగారు. ముప్పై దాటేసరికి గొంతు తగ్గింది. నలభై దాటేసరికి పెదవులు మాత్రమే కదిలాయి. ఎనభై నాలుగో పేజీ మీద వేలు ఆగింది. ఆయన చేత్తో తడుముకుంటూ కుర్చీ వెతుక్కొని కూలబడ్డారు.

"నలభై ఎనిమిది," అన్నారు తనలో తాను.



"సార్ ఇలా రాస్తారని నీకెలా తెలుసు?" ప్రిన్సిపాల్ పిల్లను అడిగారు.

"వరండాలో పాత కీలన్నీ తీగకు గుచ్చి వేలాడదీశారు కదా మేడమ్. ఎవరైనా చూసుకోవచ్చు. అప్లికేషన్ ఇవ్వడానికి వచ్చిన రోజు కూర్చొని చదివాను. ప్రతి ఏడూ ఇలాంటి లెక్క ఒకటి ఉంటుంది. కిందటేడు మాత్రలు. ఐదో తేదీ నుంచి ఇరవయ్యో తేదీ దాకా రోజుకొకటి వేసుకుంటే పదహారు అవుతాయి, సార్ పదిహేను రాశారు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి ఊరుకుంటారు. మొదటిదాన్ని కలపడం మరిచిపోతారు."

"అలాగని ఎవరికీ చెప్పలేదేం?"

"ప్రతి కీ కిందా రాసి ఉంది మేడమ్, అభ్యంతరాలు స్వీకరించబోమని."

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఇరవై ఏళ్లలో ఎవరినీ బతిమాలని ఆ మనిషి పిల్లవైపు వంగారు.

"అమ్మా, తప్పు నాదే. మార్కులు నీవే, సీటూ నీదే. కానీ ఒక్క మాట చెప్పు. సరైన జవాబు తెలిసి కూడా చేతులారా తప్పెందుకు రాశావు తల్లీ?"

పిల్ల ఒకసారి అక్క వంక చూసి, తల దించుకుంది.

"జవాబులు గుర్తు పెట్టిన ఏడేళ్ల కిందటి ప్రశ్నపత్రం ఒకటి మా ఇంట్లో ఉంది సార్. ఇలాంటి లెక్కకే మా అక్క సరైన జవాబు రాసి, ఒక్క మార్కు తక్కువై ఇక్కడ సీటు పోగొట్టుకుంది."