ఖాళీ కుర్చీలోంచి

“కెమెరా దించమన్నానా? ఇంకా దించు. కూర్చున్న మనిషి కంటికి సమానంగా రావాలి.”

ఫోటోగ్రఫీ మాస్టారు బల్ల ముందు ఖాళీ కుర్చీ లాగి, దాంట్లో కెమెరా నిలబెట్టి చూపించారు. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు ఫోకస్ మాస్టారు. ఆయన నవ్వగా చూసినవాళ్లు బడిలో లేరు.

“ఇంట్లో అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు తియ్యండి. ఒక కుర్చీ ఖాళీగా ఉంచి, అందులోంచి. అప్పుడే ఎవరో వచ్చినట్టు అందరూ లెన్సులోకి చూడాలి.”

“ఎవరొచ్చినట్టు సార్?” అంది వెనక బెంచీ.

“ఎవరైతే నీకెందుకురా? చెప్పింది చెయ్.”

మిగతావాళ్లకి అది హోంవర్కే. వాళ్లలో ఒక అమ్మాయికి మాత్రం ప్రాణం మీదికొచ్చింది. వాళ్లింట్లో నలుగురూ కలిసి తిన్నదెప్పుడో తనకే గుర్తులేదు. నాన్నది రాత్రి డ్యూటీ, అమ్మది పగటి డ్యూటీ. అన్నయ్య పళ్లెం పట్టుకుని గదిలో దూరి తలుపేసుకుంటాడు. తను వంటగది గట్టు దగ్గర నిలబడి నాలుగు ముద్దలు మింగేస్తుంది.

బతిమాలింది, అలిగింది, ఏడ్చింది. చివరికి ఒక సెలవు రోజు కూర్చున్నారు.

“కెమెరాతో ఏం మాట్లాడమంటావే?” అన్నాడు నాన్న.

“ఎవరో వచ్చారనుకో నాన్నా. తినడానికి పిలువు.”

నాన్న చెయ్యూపి, “రండి రండి, చల్లారిపోతోంది!” అన్నాడు. అమ్మ ఫక్కున నవ్వింది. అన్నయ్య కూడా నవ్వాడు. అమ్మాయి తన కుర్చీలోంచే, కెమెరాకి తగిలించిన పొడవాటి తీగ బటన్ నొక్కేసింది. ఆ తర్వాత ఎవరి దారి వాళ్లదే.

ఫోటో బడి హాల్లో గోడకెక్కితే, చూడ్డానికైనా నలుగురూ కలిసి వస్తారని ఆమె ఆశ.

చీకటిగదిలో ప్రింటు కడిగిన మాస్టారు దాన్ని చాలాసేపు చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ చూశారు.

“ఇది ప్రదర్శనకి పెట్టను.”

“బాలేదా సార్?”

“పెట్టనంటే పెట్టను.”

“పోనీ, నాకిచ్చెయ్యండి సార్.”

“తర్వాత చూద్దాం. వెళ్లు.”

బయట పై తరగతి అమ్మాయి పెదవి విరిచింది. “ఆయనంతేలే. ఏటా అన్నిటికన్నా బాగున్నదాన్నే నొక్కేస్తారు. నాదీ ఇవ్వలేదు.”

ఆ మాట విన్న అమ్మాయికి ఒళ్లు మండింది. ఇంట్లో అందరూ ఉన్నది ఆ ఒక్క ఫోటోలోనే! వారం రోజులు చూసి, అడిగి తీసుకోవాల్సిందేనని ఒక సాయంత్రం బడి వెనక సందులో ఉన్న మాస్టారి ఇంటికి వెళ్లింది. మేడమెట్లు ఎక్కుతుంటేనే తాలింపు వాసన, లోపల్నుంచి ఆయన గొంతు.

“వస్తున్నానండీ! చేతులు కడుక్కుని వచ్చేస్తున్నా. ఆగండి, మీతోపాటే కూర్చుంటా.”

మాస్టారు నవ్వుతున్నారు. చుట్టాలొచ్చినట్టున్నారు. అన్నాల వేళ ఏం అడుగుతాం? ఫోకస్ మాస్టారికి కూడా ఇంటి నిండా మనుషులున్నారు, తనకే ఎవరూ లేరు అనుకునేసరికి ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. కళ్లు తుడుచుకుని వెనుదిరగబోతూ, ఓరగా ఉన్న తలుపులోంచి ఒక్కసారి లోపలికి చూసింది.

గోడకి ఆనించిన బల్ల. దాని మీద ఒక పళ్లెం. ముందు ఒకటే కుర్చీ.

ఎదురుగా గోడ మీద, మనిషంత సైజులో, నాన్న పిలుస్తున్నాడు.